ఉప్పు నీళ్ల ఊరిలో స్నానాల గది కొళాయి

స్నానాల గదికి కొత్త కొళాయి కొనాలనుకునే అనంతపురం వాసులు దుకాణానికి బయలుదేరే ముందు పాత కొళాయి మూతిని ఒకసారి వేలితో తడిమి చూడాలని నా మనవి. అక్కడ తెల్లగా, గరుకుగా గార పేరుకొని ఉంటే ఆ గొట్టంలో వచ్చేది బోరు నీరని, అందులో సున్నపు లవణాలు దండిగా ఉన్నాయని అర్థం. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నీటి కాఠిన్యం, అంటే అందులోని సున్నపు లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మరో నీటి వసతి లేనప్పుడు మాత్రమే 600 వరకు అనుమతి ఉంది. సబ్బు నురగ పట్టని, పప్పు సరిగా ఉడకని నీటిని మనం ఉప్పు నీళ్లు అంటాము. కొళాయి ఎంపికలో రంగు, ఆకారం, కంపెనీ పేరు కన్నా ముందు ఆ నీటి గురించి ఆలోచించాలి. పెన్నహోబిలం రిజర్వాయరు నుంచి వచ్చే కార్పొరేషన్ నీటినే వాడే ఇళ్లకు ఈ చింత తక్కువ.

మా ఇంట్లో చుక్కలు కారుతున్న కొళాయిని మార్చే ముందు దాని లోపలి కార్ట్రిడ్జ్‌ను, అంటే పిడి కింద ఉండి నీటిని వదిలి ఆపే భాగాన్ని, విప్పించి, తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. అందులో రూపాయి బిళ్ల కన్నా చిన్నవైన రెండు పింగాణీ బిళ్లలు ఒకదానిపై ఒకటి ఆనుకొని ఉంటాయి. పిడిని పావు వంతు తిప్పగానే రెండింటి రంధ్రాలు ఎదురెదురుగా వచ్చి నీటికి దారి ఇస్తాయి. పై బిళ్ల మీద ఇసుక రేణువు గీసిన సన్నని గీత, దాని పక్కనే గోటితో గీకినా రాని గార పొర స్పష్టంగా కనిపించాయి. అంతటి చిన్న గీత చాలు, చుక్క ఆగదు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల లెక్కన, సెకనుకొక చుక్క కారినా రోజుకు 4 లీటర్లకు పైగా నీరు పోతుంది. బోర్లు ఎండిపోయే జిల్లాలో ఉంటూ ఆ నష్టాన్ని చూసీ చూడనట్లు వదిలేయడం నాకు మనస్కరించదు.

పాతకాలపు మరతిప్పు కొళాయిలో పింగాణీ బిళ్లల స్థానంలో రబ్బరు వాసరు ఉంటుంది. అది త్వరగా అరిగినా కొద్ది రూపాయలకే దొరుకుతుంది, ఇంట్లో ఎవరైనా మార్చుకోగలరు. పావు తిప్పు కొళాయి చేతికి సుఖం. ముసలివారికి, తడి చేతుల పిల్లలకు ఎంతో అనుకూలం. నేను దానికే మొగ్గు చూపుతాను, కానీ ఒక షరతు మీద: దాని కార్ట్రిడ్జ్ విడిగా మన ఊరిలోనే దొరకాలి. పిడి కూర్చునే పళ్ల సంఖ్య, కార్ట్రిడ్జ్ పొడవు కంపెనీని బట్టి మారుతుంటాయి గనుక, "దీని లోపలి స్పిండిల్ విడిగా ఇస్తారా?" అని దుకాణంలో ముందుగానే అడగాలి (కార్ట్రిడ్జ్‌నే అక్కడ స్పిండిల్ అంటారు). పాతూరులోని ఒక హార్డ్‌వేర్ దుకాణదారు నేను ముచ్చటపడిన కొళాయిని చేతిలోంచి తీసుకొని, "అన్నా, దీనికి స్పేరు మన దగ్గర రాదు, రేపు మొత్తం కొళాయే మార్చాల్సి వస్తుంది" అన్నారు. ఖరీదైన సరుకును అమ్ముకునే అవకాశం ఉండి కూడా ఆ మాట చెప్పినందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

లోహం విషయంలో కొంత శ్రద్ధ అవసరం. క్రోమ్ పూత కింద ఇత్తడి ఉందో, జింకు మిశ్రమం ఉందో పైకి తెలియదు. అయస్కాంతం అంటకపోతే ఇత్తడేనని కొందరు నమ్ముతారు, అయితే జింకుకు కూడా అయస్కాంతం అంటదు. వెనుక మర ఉన్న వైపు నుంచి లోపలికి చూస్తే పూత లేని చోట ఇత్తడి పచ్చగా, జింకు బూడిద రంగులో కనిపిస్తాయి. ఒకే పరిమాణంలోని రెండింటినీ చేతుల్లో తూచినా ఇత్తడి బరువు తెలిసిపోతుంది. పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దానితో పాటు కొళాయిల ప్రమాణమైన ఐ.ఎస్. 8931 అన్న సంఖ్య ఉన్నాయేమో చూసుకోవడం మేలు. పెరట్లోనో, మిద్దె మీదనో వాడే కొళాయికి ప్లాస్టిక్ సరిపోతుంది. దానికి తుప్పు బాధ లేదు.

మిద్దె మీది ట్యాంకు నుంచి నీరు దిగే ఇళ్లలో ఒత్తిడిని కూడా లెక్కించాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ట్యాంకు కొళాయి కన్నా మూడు మీటర్లు మాత్రమే ఎత్తులో ఉంటే అది 0.3 బార్‌కు మించదు. దుకాణంలో అందంగా కనిపించే ఒంటి పిడి మిక్సర్లలో (వేడి, చల్లని నీళ్లను కలిపి ఇచ్చే కొళాయిలలో) చాలావాటికి అంతకన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. మోటారు పంపు లేకుండా వాటిని బిగిస్తే బకెట్టు నిండేసరికి ఓపిక నశిస్తుంది. మూతికి ఉండే జల్లెడ నీటిని నురగలా మార్చి పొదుపు చేస్తుంది, కానీ ఉప్పు నీటికి ఆ జల్లెడే మొదట మూసుకుపోతుంది. అందువల్ల చేత్తో విప్పగలిగే జల్లెడ ఉన్నదే తీసుకొని, అప్పుడప్పుడు వెనిగర్‌లో నానబెట్టి కడగాలి. గీజరు నుంచి వచ్చే వేడి నీటి కొళాయికి ఈ పని మరింత తరచుగా చేయాలి, ఎందుకంటే నీరు వేడెక్కినప్పుడు సున్నపు లవణాలు విడిపోయి గార వేగంగా కడుతుంది.

కొలతల సంగతి తేలికే: ఇళ్లలో మామూలుగా ఉండేది అరంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల మర. బకెట్టు పెట్టుకునే చోట లాంగ్ బాడీ కొళాయి అయితే నీటి ధార గోడకు దూరంగా పడుతుంది. బిగించేటప్పుడు ప్లంబరును ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడగాలి: కొత్త కొళాయి పెట్టే ముందు గొట్టంలోని నీటిని కాసేపు ధారగా వదిలి, లోపలి ఇసుకను, పాత టెఫ్లాన్ టేపు ముక్కలను బయటకు పంపించాలి. అవి లోపలే ఉండిపోతే మొదటి రోజే కొత్త పింగాణీ బిళ్లల మధ్య చేరి వాటిని గీస్తాయి. పట్టు కోసమని పానాతో అతిగా తిప్పనివ్వకూడదు; గోడలోని ప్లాస్టిక్ మోచేయి (గొట్టం మలుపు దగ్గరి ముక్క) పగిలితే టైల్స్ పగలగొట్టవలసి వస్తుంది. కొళాయి కొన్న బిల్లు మీద మోడల్ సంఖ్య రాయించుకొని, వారంటీ కాగితంతో కలిపి ఉంచుకుంటే తర్వాత సరైన కార్ట్రిడ్జ్‌ను అడిగి తెచ్చుకోవడం సులువవుతుంది.