వేడి చేసిందనే మాట చాటున

దాళ్వా (రెండో పంట వరి) కోతలు సాగుతున్న ఏప్రిల్ నెలలో ఒక ఉదయం మా నాన్నగారికి మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఎండలో చేలగట్ల మీద తిరగడం వల్ల వేడి చేసిందనుకుని ఆయన రెండు కొబ్బరిబొండాలు తాగారు, అమ్మ చేత బార్లీ కాయించుకున్నారు, ఎందుకో మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు. మరునాటికి రంగు మామూలుగా మారడంతో బొండం నీళ్లే నయం చేశాయని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. శ్రావణమాసంలో అది మళ్లీ, ఈసారి చిన్న చిన్న గడ్డలతో సహా కనిపించినప్పుడు ఆయన నాకు ఫోన్ చేసి, “ఏం లేదమ్మా, కాస్త వేడి చేసినట్టుంది, ఏదైనా మాత్ర ఉంటే చెప్పు” అన్నారు.

కోనసీమలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట కొత్త కాదు. మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, ఎర్రగా వచ్చినా, టీ డికాషన్‌లా వచ్చినా మా ఇళ్లలో చెప్పే కారణం అదొక్కటే. దానికి మందు కూడా బొండం, మజ్జిగ, సబ్జా గింజలు, అంతే. ఈ వాడుకలో నిజం లేకపోలేదు. కోతల రోజుల్లో ఒంట్లోని నీరంతా చెమటగా పోతే మూత్రపిండాలు ఉన్న నీటిని పొదుపు చేసుకుంటాయి, అప్పుడు మూత్రం చిక్కబడి రంగు ముదురుతుంది. అసలు ఆ పసుపు రంగు వచ్చేది మన రక్తం నుంచే. సుమారు 120 రోజులు బతికిన ఎర్రకణం విరిగిపోయినప్పుడు దానిలోని హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ పుడుతుంది. దానిని పేగుల్లోని సూక్ష్మజీవులు మరో పదార్థంగా మారుస్తాయి. దానిలో కొంత తిరిగి రక్తంలోకి చేరి, చివరకు యూరోబిలిన్ అనే పసుపు వర్ణకంగా మూత్రంలో కనిపిస్తుంది. పేగుల్లో ఆ మార్పు చేసే ఎంజైమ్ ఏదో శాస్త్రవేత్తలు 2024లో గానీ గుర్తించలేదు.

కాబట్టి ముదురు పసుపు విషయంలో పరీక్ష చాలా తేలిక. కడుపునిండా నీళ్లు తాగితే కొద్ది గంటల్లో రంగు పలచబడాలి. పలచబడకపోతే అది ఎండ వల్ల వచ్చినది కాదు. ఎరుపు, గోధుమ, పాల తెలుపు రంగులను మాత్రం ఈ లెక్కలోకి తీసుకురానే కూడదు. మరొక సంగతి కూడా చెప్పాలి: మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి బొండం నీళ్లలో ఉండే పొటాషియం ప్రమాదకరం కావచ్చు, కనుక చలవ చేస్తుందని వారికి బలవంతంగా తాగించకూడదు.

ఎరుపు కనిపించగానే బెంబేలెత్తవలసిన పని లేదు. ముందురోజు బీట్‌రూట్ తిన్నవారిలో కొందరికి మూత్రం గులాబీ రంగులో వస్తుంది. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి నారింజ ఎరుపులో వస్తుంది, కన్నీళ్లకు కూడా అదే రంగు అంటవచ్చు. అటువంటి కారణం ఏదీ లేనప్పుడు దానిని రక్తమనే అనుకోవాలి. ఒక లీటరు మూత్రానికి రంగు మార్చడానికి ఒక్క మిల్లీలీటరు రక్తం చాలు, కనుక ఎంత ఎర్రగా ఉందన్న దానిని బట్టి జబ్బు తీవ్రతను అంచనా వేయలేము. నడుము నుంచి గజ్జలోకి పొడుచుకొచ్చే నొప్పితో పాటు వస్తే రాయి కావచ్చు, మంటతో, మాటిమాటికీ మూత్రం వస్తూ ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఏ బాధా లేకుండా వచ్చి దానంతటదే ఆగిపోయే రక్తమే, ముఖ్యంగా పొగ తాగే పెద్దవారిలో, అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టవలసినది. మూత్రాశయంలోని క్యాన్సర్ కణితి అలాగే రక్తం చిమ్ముతుంది, వారాలూ నెలలూ ఊరుకుంటుంది, మళ్లీ చిమ్ముతుంది. మా నాన్నగారు నలభై ఏళ్లు చుట్ట కాల్చారు. పొగాకులోని విషాలు రక్తంలో చేరి, మూత్రపిండాల గుండా వడపడి, గంటల తరబడి మూత్రాశయపు గోడను అంటుకుని నిలిచి ఉంటాయని, ఊపిరితిత్తుల జబ్బుకు మాత్రమే కాక ఈ జబ్బుకు కూడా పొగే ప్రధాన కారణమని కాకినాడలో డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పేవరకు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని మూత్రమార్గం గుండా పంపి చూస్తే కణితి దొరికింది. అది కండరంలోకి దిగకముందే దొరకడం వల్ల ఆ దారినే తొలగించగలిగారు. నాలుగు నెలలు పోగొట్టుకున్నామని నేను ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఆసుపత్రిలో గడిపిన ఆ రోజుల్లోనే మా ఊరివాడు ఒకతను తారసపడ్డాడు. అతనికి ఆరేడేళ్లుగా మూత్రం అప్పుడప్పుడు పాలలా తెల్లగా వస్తోంది. ధాతువు పోతోందని భయపడి, సిగ్గుతో భార్యకు కూడా చెప్పక, గోడల మీద ప్రకటనలు రాయించుకునే వైద్యుల దగ్గర డబ్బు పోసి, బాగా చిక్కిపోయి అక్కడికి చేరాడు. మన డెల్టాలో పుట్టినవారికి ఈ రంగు గురించి తప్పక తెలిసి ఉండాలి, ఎందుకంటే బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే దీనికి కూడా మూలం. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒంట్లో చేరిన ఆ పురుగు లింఫ్ నాళాలలో కాపురం పెట్టి వాటిని పాడు చేస్తుంది. అన్నంలో మనం తిన్న నెయ్యి, నూనెల కొవ్వు పేగుల నుంచి రక్తానికి చేరేది ఆ నాళాల గుండానే. దారి మూసుకుపోయి నాళాలు ఉబ్బి, మూత్రపిండం దగ్గర ఎక్కడో చిట్లితే, ఆ కొవ్వు, దానితో పాటు మాంసకృత్తులు మూత్రంలోకి కారిపోతాయి. దీనిని డాక్టర్లు కైలూరియా అంటారు. పెళ్లి భోజనం తిన్న తరువాత ఎక్కువై, పథ్యంగా ఉన్న రోజుల్లో తగ్గడం దీని లక్షణం. కాలు వాయకపోయినా ఇది రావచ్చు, పురుగు ఎక్కిన ఎన్నో ఏళ్లకు కూడా రావచ్చు. కొవ్వు తగ్గించిన ఆహారంతో, మందులతో చాలామందికి అదుపులోకి వస్తుంది. రానివారికి మూత్రపిండం వైపు నుంచి మందు ఎక్కించి ఆ చిల్లు పూడ్చే పద్ధతి ఉంది, ఆపరేషన్ కూడా ఉంది. వీర్యానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క వాక్యం ఎవరైనా ముందే చెప్పి ఉంటే అతనికి ఆరేళ్ల నరకం తప్పేది.

నా చిన్నతనంలో ఆరోగ్యశాఖ వారు రాత్రిపూట ఇంటింటికీ తిరిగి వేలికొస నుంచి రక్తపు చుక్క తీసుకునేవారు. ఫైలేరియా పిల్లపురుగులు పగలు దాగి రాత్రివేళ రక్తంలోకి వస్తాయి కనుకనే వారు ఆ వేళలో వచ్చేవారని నాకు చాలా కాలానికి అర్థమైంది. దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, అందరికీ మాత్రలు మింగించే పద్ధతి 2004లో వచ్చింది. ఆ మాత్రలు తీసుకుని అటక మీద పెట్టే ఇళ్లు ఇప్పటికీ నాకు తెలుసు, దయచేసి మింగండి.

టీ డికాషన్ రంగు మరో కథ. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత చెరువుల్లో నిలవ ఉంచిన నీరే తాగవలసి వస్తుంది. అందులోకి మురుగు చేరితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు సోకుతాయి. కాలేయం నుంచి పేగుల్లోకి పోవలసిన బిలిరుబిన్ పోలేక రక్తంలో పెరిగి మూత్రంలోకి దిగుతుంది. అందుకే మూత్రం నల్లబడుతుంటే మలం సుద్దలా పాలిపోతుంది. కళ్లు పచ్చబడడానికి ముందే చాలామందికి ఈ మార్పు కనిపిస్తుంది. మన వైపు అప్పుడు పసరు మందుకు పరుగెత్తుతారు. హెపటైటిస్ ఎ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది కనుక పేరు పసరుకు దక్కుతుంది. గర్భిణికి హెపటైటిస్ ఇ సోకినప్పుడు మాత్రం ఆ ఆలస్యం ప్రాణం తీయగలదు. ఊడ్పుల రోజుల్లో చేలో దిగినవారికి జ్వరం, పిక్కల నొప్పులతో పాటు ఈ రంగు వస్తే ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ అనుమానించాలి, తాను నీళ్లలో దిగిన సంగతి రోగి డాక్టరుకు చెప్పాలి.

గొంతునొప్పి గానీ ఒంటి మీద పుళ్లు గానీ వచ్చిన కొద్ది వారాల్లో పిల్లవాడి ముఖం ఉబ్బి, మూత్రం కూల్‌డ్రింక్ రంగులో వస్తే అది మూత్రపిండాల వాపు కావచ్చు, ఆ రోజే చూపించాలి. బి-కాంప్లెక్స్ మాత్ర మింగినప్పుడు వచ్చే మెరిసే పసుపుకు మాత్రం ఏ చికిత్సా అక్కరలేదు, అది ఆ మాత్రలోని రైబోఫ్లేవిన్ అనే విటమిన్ రంగు.

నాన్నగారు చుట్ట మానేశారు. కణితి తిరిగి రావడం ఈ జబ్బులో మామూలే కనుక మూడు నెలలకోసారి కెమెరా పరీక్షకు వెళ్తున్నాము. వంటింటి క్యాలెండర్‌లో అమ్మ ఇప్పుడు తిథుల పక్కనే ఆయన మూత్రం రంగు కూడా రాస్తోంది. చెప్పడానికి ఆయన మొహమాటపడితే తానే అడుగుతోంది. వచ్చే పరీక్ష సంక్రాంతి వెళ్లిన వారానికి.