సున్నం గోడ మీద సిమెంటు పూత

చంద్రగిరి కోటకు వెళ్తే అందరూ తోటలో ఫోటోలు దిగుతారు, నేను రాజమహల్ పైకప్పు చూస్తుంటాను. విజయనగర కాలపు మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నమే తప్ప కలప వాడలేదు. దూలాలు లేవు కాబట్టి కమానులే బరువును పక్కలకు తోసి మందపాటి గోడల్లోకి దింపుతాయి.

మా ఊరి పాత మిద్దెలు వేరే రకం. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, రోజుల తరబడి కొట్టేవాళ్లు. మద్రాసు టెర్రస్ అంటారు. కొట్టేటప్పుడు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లేవాళ్లట. చీమలు పట్టవా అని అడిగితే మా అవ్వ, "ఆ వగరుకు చీమలేం, నువ్వు కూడా దగ్గరికి పోవు" అనింది.

1824లో ఇంగ్లాండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. సిమెంటు నీళ్లతో కలిసి త్వరగా గట్టిపడుతుంది. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ తీరిగ్గా మళ్లీ సున్నపురాయి అవుతుంది. తొందరున్నవాళ్లకు ఏది నచ్చుతుందో చెప్పాలా!

పోయినేడు మా గోడ పెచ్చులూడింది. "సిమెంటు కొట్టేస్తే ఇంక చూడక్కర్లేదన్నా" అన్నాడు మేస్త్రీ, చిన్నాన్న సరేనన్నాడు. ఒక్క వానాకాలానికే పూత ఉబ్బి, అంచుల్లో తెల్లటి ఉప్పు తేలింది. నేలనుంచి ఎక్కిన తేమ సున్నంలోంచి బయటికి పోయేది, సిమెంటు దానికి అడ్డం పడింది. ఇప్పుడు అదంతా గీకించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీ తిరుపతి చుట్టుపక్కల ఉంటే చెప్పండి.