క్లైన్ బాటిల్ దగ్గర వీడియో ఆపండి

నిన్న రాత్రి పీహెచ్‌డీ సెలక్షన్ లిస్టు వచ్చింది, నా పేరుంది! గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ కోచింగ్ దొరుకుతుంది గానీ, ఆల్జీబ్రాయిక్ టోపాలజీ (ఆకారాలను బీజగణితంతో చదివే గణితం) చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. ఐఐటీ ప్రొఫెసర్ల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్ వీడియోలే దిక్కు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి కాబట్టి రాస్తున్నా.

నెట్ పరీక్ష (సీఎస్ఐఆర్ అర్హత పరీక్ష) సిలబస్‌లో లేని హోమాలజీకి (ఆకారంలోని రంధ్రాలను లెక్కగట్టే పద్ధతి) ఇంత టైమెందుకని రూమ్మేట్లు అడిగేవారు. ఇంటర్వ్యూలో ఇష్టమైన సబ్జెక్టు టోపాలజీ అని చెప్పి, ఫండమెంటల్ గ్రూపు (హోమాలజీకి ముందొచ్చే పాఠం) దగ్గరే ఆగిపోతే ఎలా? ఆ టైము దండగ కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

బౌండరీకి (అంచుకి) బౌండరీ సున్నా, సైకిల్స్‌ని (బౌండరీ సున్నా అయినవాటిని) బౌండరీలతో కోషెంట్ చేస్తే, అంటే బౌండరీలను సున్నాగా లెక్కేస్తే, హోమాలజీ. వింటుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. నాకు తలుపు తెరుచుకున్నది మాత్రం క్లైన్ బాటిల్ దగ్గర, వీడియో ఆపి కాగితం తీసుకున్నాక. చతురస్రాన్ని కర్ణం గీసి రెండు త్రిభుజాలు చేయండి. ఎదురెదురు అంచులు అతికించాక మిగిలేది ఒకే శీర్షం, ఎ, బి, సి అనే మూడు అంచులు. రెండు జతలూ నేరుగా అతికిస్తే టోరస్ (గారె ఆకారం), అందులో రెండు త్రిభుజాల బౌండరీ ఒకటే: ఎ + బి − సి. ఒక జతను తిప్పి అతికిస్తే క్లైన్ బాటిల్, అందులో రెండోది ఎ − బి + సి అవుతుంది. మొదటిదాన్నిబట్టి సి = ఎ + బి. దాన్ని రెండోదాంట్లో పెడితే బి కొట్టుకుపోయి 2ఎ = 0 మిగులుతుంది. ఎ సున్నా కాదు, దానికి రెట్టింపు సున్నా! టార్షన్ అంటే ఇదేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వీడియోలు ఒకటిన్నర స్పీడులో పెట్టి ప్లేలిస్టు అయిపోయిందనుకునేవాళ్లకు గట్టిగా చెబుతున్నా: చెయ్యి కదలకపోతే హోమాలజీ రాదు. రోజూ ఒక్క స్పేస్ అయినా సొంతంగా లెక్కగట్టాలి. ఎగ్జాక్ట్ సీక్వెన్సులు, ఎక్సిజన్ లాంటి పనిముట్లు ఆ తర్వాత తేలిగ్గానే వచ్చాయి. మేయర్-వీటోరిస్‌తో (ఆకారాన్ని రెండు ముక్కలుగా చేసి లెక్కగట్టే పద్ధతి) గోళాలన్నీ చేసెయ్యండి, చాలు.

ఇంటర్వ్యూలో క్లైన్ బాటిలే అడిగారు, మాడ్యులో 2 కోయెఫిషియెంట్లతో (అంటే 2ని సున్నాగా తీసుకుని). అక్కడ ప్లస్‌కీ మైనస్‌కీ తేడా లేదు కాబట్టి రెండు బౌండరీలూ ఒకటే, హోమాలజీ అచ్చం టోరస్‌దే వస్తుందన్నాను. మరి రేషనల్స్ (భిన్నాలు) మీద అన్నారు. 2తో భాగించొచ్చు కాబట్టి ఎ పోతుంది, హెచ్-వన్ (మొదటి హోమాలజీ) డైమెన్షన్ 1 అని బోర్డు మీద రాశాను. తర్వాతి ప్రశ్న మెజర్ థియరీకి వెళ్లిపోయింది.