కందనకాయలో సీసపు గుండు

కోడి కందనకాయ కోసి కడిగిన ప్రతివాళ్ళకీ తెలుసు, లోపల ఇసుకా చిన్న రాళ్ళూ ఉంటాయని. పళ్ళు లేని పక్షికి అదే తిరగలి. చలికాలంలో మన నెల్లూరు చెరువుల్లోనూ పులికాట్‌లోనూ దిగే సూదితోక బాతులకూ అంతే. బురదను ముక్కుతో జల్లించి గింజలతోపాటు రాళ్ళూ మింగుతాయి. వాటిలో ఒకటి సీసపు గుండైతే కందనకాయ దాన్నీ నూరుతుంది. కడుపులోని ఆమ్లం తోడై సీసం కరిగి నెత్తుట్లో కలుస్తుంది. జీర్ణకోశపు కండరాలు చచ్చుబడి మేత కిందికి దిగదు. రెట్ట పచ్చబడుతుంది, రెక్కలు వాలిపోతాయి, రొమ్ము కండ కరిగి ఎముక కత్తి అంచులా తేలుతుంది. రెండు మూడు వారాల్లో, చుట్టూ మేత ఉండగానే, ఆకలితో చస్తుంది. ఒక్కోసారి ఒక్క గుండే చాలు.

పిట్టల వేటకు వాడే 12 బోర్ తుపాకీ తూటా ఒక్కదానిలో ఇలాంటి చిన్న గుళ్ళు 250 నుంచి 300 దాకా ఉంటాయి. పిట్టకు తగిలేవి నాలుగైదు, మిగతావన్నీ నీళ్ళపాలే.

అమెరికా 1991లో నీటిపక్షుల వేటకు సీసపు గుళ్ళను దేశమంతటా నిషేధించింది. మిసిసిపీ వలసదారిలో మల్లార్డ్ బాతుల సీసపు మరణాలు 64 శాతం తగ్గాయని తర్వాత లెక్కగట్టారు. ఇంగ్లండులో 1999 నుంచి అలాంటి నిబంధనే ఉన్నా, అంగళ్ళలో కొన్న బాతులను పరీక్షిస్తే దాదాపు 70 శాతం సీసంతో కొట్టినవే. తనిఖీ లేని నిషేధం కాగితం మీదే ఉంటుంది.

బదులుగా వాడే ఉక్కుతోనూ చిక్కులున్నాయి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, ఉక్కుది 7.9. అదే సైజు ఉక్కు గుండు తేలిక కాబట్టి త్వరగా వేగం కోల్పోతుంది. అందుకే రెండు సైజులు పెద్దది వాడాలి, దూరం తగ్గించుకోవాలి. గట్టి లోహం కనుక పాత తుపాకీ గొట్టాలు దెబ్బతినొచ్చు. బిస్మత్ అనే మరో లోహం మెత్తనిదే గానీ ధర ఎక్కువ.

వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దగ్గర వేటే నిషేధం కదా, ఇదంతా మనకెందుకు అంటారా? సీసం తుపాకీతోనే రాదు. గాలం దారానికి నొక్కే బఠాణీ గింజంత సీసపు గుళ్ళు తెగి చెరువులో పడతాయి. బ్రిటన్‌లో హంసలు చచ్చింది వీటివల్లే. 1987లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉన్న గాలపు సీసపు గుళ్ళను అక్కడ నిషేధించాక హంసలు కోలుకున్నాయి. మన దగ్గరా ముందు మార్చాల్సింది ఈ చిన్న గుళ్ళనే.

విసురువల అంచుకు కట్టే సీసపు బరువులు పెద్దవి, బాతు మింగడం అరుదు. వాటి ప్రమాదం ఇంట్లో ఉంది. పాత బ్యాటరీ సీసాన్ని పొయ్యి మీద కరిగించి పోస్తే ఆ పొగ, పైన తేలే బూడిద పిల్లల ఒంట్లోకి పోతాయి. వలకు సీసం బదులు ఇనుప గొలుసుకు మారేవాళ్ళు తూకం సరిచూసుకోవాలి. నీళ్ళలో అదే బరువు రావాలంటే 3 కిలోల సీసానికి 3 కిలోల 130 గ్రాముల ఇనుము కావాలి, పరిమాణం ఒకటిన్నర రెట్లవుతుంది. పులికాట్ ఉప్పునీటికి మామూలు ఇనుము తుప్పు పట్టి, ఆ గరుకు నైలాన్ దారాన్ని కోసేస్తుంది. జింకు పూసిన గొలుసే కట్టాలి, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.