జూలై ఈగ, అక్టోబరు ఈగ

ఆదివారం. పొద్దున్నంతా పొగమంచు, పదకొండు దాటితే గానీ ఎండ రాలేదు. బట్టలు ఆరేద్దామని బయటికెళ్తే కంచె మీది ఐవీ తీగ నిండా ఒకటే రొద. ఇంగ్లండ్‌లో అక్టోబరుకి పెరట్లో పెద్దగా పూసేవేమీ మిగలవు, ఐవీ మాత్రం అప్పుడే పూస్తుంది. ఆ లేత పచ్చ గుత్తులు పూలంటే ఎవరూ నమ్మరు గానీ తేనెటీగలు, కందిరీగలు, హోవర్‌ఫ్లైలు (గాల్లో ఒకేచోట నిలబడి ఎగిరే ఈగలు) అన్నీ అక్కడే. బుట్ట కింద పెట్టి ఫోన్ తీశాను, ఇక బట్టల సంగతి అడక్కండి.

ఎక్కువగా ఉన్నవి మార్మలేడ్ హోవర్‌ఫ్లైలు, శాస్త్రీయ నామం ఎపిసిర్ఫస్ బాల్టియేటస్. జూలైలో కొత్తిమీర పూత మీద (ఇక్కడ వేసవిలో కొత్తిమీర కోసుకునేలోపే పూతకొచ్చేస్తుంది, అదో బాధ) వాలినవి నిండు నారింజ రంగులో ఉండేవి. ఇవాళ్టివి సగానికి సగం నలుపు, ఒకటైతే నారింజ అక్కడక్కడా సన్నగా మిగిలింది తప్ప మిగతా పొట్టంతా నలుపే. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఒకటే జాతి అని చెప్పడం కష్టం.

అందుకే రంగుని పట్టించుకోకుండా పట్టీలు చూడాలి. పొట్ట మీద మూడో ఖండానికీ, నాలుగో ఖండానికీ రెండేసి నల్ల పట్టీలుంటాయి, వెనక అంచున లావుగా ఒకటి, దానికి ముందు మీసం గీసినట్టు సన్నగా ఇంకోటి. ఇక్కడ మామూలుగా కనపడే హోవర్‌ఫ్లైల్లో ఈ జంట పట్టీలు దీనికే ఉంటాయి. నల్లటి వాటిలో ఆ రెండూ లావెక్కి దాదాపు కలిసిపోతాయి, కొంచెం ఓపిగ్గా చూస్తే మధ్యలో గీత దొరుకుతుంది. కళ్లు నడినెత్తిన కలిస్తే మగది, ఎడంగా ఉంటే ఆడది.

ఈ రంగు తేడా అంతా ప్యూపా దశలో, అంటే పురుగు ఈగగా మారే దశలో, తేలిపోతుంది. వేడిలో ప్యూపాగా ఉన్నది నారింజగా వస్తుంది, చలిలో ఉన్నది నల్లగా వస్తుంది. ఒకసారి బయటికొచ్చి రంగు కుదురుకున్నాక ఇక బతికినన్నాళ్లూ అంతే, ఎండ కాసినా మంచు కురిసినా మారదు. నలుపు ఎండని త్వరగా పట్టుకుంటుంది కాబట్టి చలికాలం ముందు పుట్టినవాటికి అదే లాభం.

అయితే వీటి రంగు చూసి నా పెరటి వాతావరణం చెప్పేద్దామంటే కుదరదు, ఎందుకంటే ఇవి వలస పోతాయి. దక్షిణ ఇంగ్లండ్ మీదుగా హోవర్‌ఫ్లైలు ఏటా 100 కోట్ల నుంచి 400 కోట్ల దాకా ఎగురుతాయని రాడార్లతో లెక్కగట్టి 2019లో ప్రచురించారు. శరదృతువులో దక్షిణానికి పోతాయి. అంటే ఇవాళ మా కంచె మీద వాలింది ఏ స్కాట్లండ్ చలిలోనో ప్యూపాగా ఉండొచ్చు! సెంటీమీటరు పొడుగుండే ప్రాణి. నాకైతే ఇవాళంతా ఇదే ఆలోచన, వంట కూడా ఆలస్యమైంది.

తేనెటీగలనుకున్నవాటిలో కొన్ని డ్రోన్ ఫ్లైలు, అవీ హోవర్‌ఫ్లైలే. తేనెటీగకి నాలుగు రెక్కలు, వీటికి రెండే, మీసాలు కూడా పొట్టి. వీటిలోనూ కొన్నిటికి పొట్ట పక్కల నారింజ మచ్చలుంటాయి, కొన్ని దాదాపు నలుపు. మగవి చలికి చచ్చిపోతాయి, ఆడవి ఏ గోడ సందులోనో దూరి చలికాలం గడుపుతాయి.

సాయంత్రం గుంటూరు ఫోన్ చేసి అమ్మకి ఫోటోలు పంపితే "ఈగలకి ఫోటోలేంటే, పనేం లేదా?" అంది. ఈ జాతి మన దేశంలోనూ ఉంటుందని, దాని పిల్లపురుగు ఒక్కోటి వందల పేనుబంకని తినేస్తుందని చెప్పాక కాస్త మెత్తబడింది. చిక్కుడు పాదుకి పేనుబంక పడితే బూడిద చల్లడం ఆవిడ అలవాటు. చల్లేముందు ఆకులు తిరగేసి, పేనుబంక మధ్యలో కాళ్లు లేకుండా, లోపలిదంతా కనపడే చిన్న పురుగులేమన్నా ఉన్నాయేమో చూసి ఫోటో పంపమన్నాను. పంపింది. గేటు దగ్గర నుంచి, పందిరి మొత్తం వచ్చేలా.