నేను తాగిన నీళ్లు

నా కళ్లు పచ్చబడ్డాయని తమ్ముడు గమనించే నాటికే వారం రోజులుగా ఆకలి మందగించి, వాసన తగిలితే చాలు వికారం పుట్టి, నాలుగు అడుగులు వేస్తే కూర్చోవలసి వస్తున్నా, పని అలసటేనని సరిపెట్టుకున్నాను. రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, ఒకటి దగ్గర ఉండవలసింది తొమ్మిది దాటింది. మురుగు కలిసిన నీళ్ల వల్ల వచ్చే కాలేయపు జబ్బు, హెపటైటిస్-ఇ అని తేలింది.

ఎక్కడ నీళ్లు తాగారని డాక్టరుగారు అడిగితే నేను నిన్నమొన్నటి సంగతులు చెప్పబోయాను. ఆమె నన్ను ఆపి, నెలన్నర వెనక్కి వెళ్లమన్నారు. ఈ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. (1983లో దీని ఉనికిని బయటపెట్టిన సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ రోగుల మల నమూనాలను తానే మింగి, నెల దాటాక జబ్బుపడ్డారు, పరిశోధన కోసం అంత సాహసం నావల్ల కాదు.) సరిగ్గా నెలన్నర కిందట మా వీధిలో పైపులైను పగిలి రెండు రోజులు నీళ్లు ఆగిపోయాయి. మూడో రోజు మట్టి రంగుతో వచ్చిన మొదటి బకెట్టును పారబోసి, ఆ తరువాత వచ్చిన తేటనీళ్లను నిశ్చింతగా పట్టుకున్నాం.

ఆ తేటదనాన్ని నమ్మడమే నా పొరపాటు. సరఫరా ఆగి ఒత్తిడి పడిపోయినప్పుడు, పక్కనున్న మురుగును పైపు తన పగుళ్ల గుండా లోపలికి పీల్చుకుంటుంది. ట్యాంకు దగ్గర కలిపిన క్లోరిన్ ఆ మురుగు మీదే ఖర్చయిపోయి, వీధి చివరి కుళాయికి వచ్చేసరికి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలవలసిన చోట, ఏమీ మిగలకపోవచ్చు. మాది వీధిలో చివరి ఇల్లు. జబ్బు తేలాక నీళ్లు పరీక్ష చేయిస్తే 100 మిల్లీలీటర్లలో మురుగు కలిసిందని తెలిపే ఇ. కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా లేదన్నారు. లీకు ఎప్పుడో బాగుచేశారు కనుక ఆ ఫలితం నిజమే. కాకపోతే నేను తాగినవి ఆ నీళ్లు కావు.

నాకు ప్రత్యేకమైన మందేమీ ఇవ్వలేదు. విశ్రాంతి తీసుకోవాలి, కాచిన నీళ్లు తాగాలి, అడగకుండా ఏ మాత్రా వేసుకోకూడదు. రాత్రిళ్లు ఒళ్లంతా దురద. అంతకన్నా బాధపెట్టింది మరొకటి ఉంది. మా మరదలికి అప్పుడు ఏడో నెల. "నేనూ అవే నీళ్లు తాగాను కదా, బావగారూ" అని ఆమె మామూలుగానే అంది. గర్భిణులకు చివరి మూడు నెలల్లో ఈ జబ్బు వస్తే నూటికి ఇరవై, ఇరవై అయిదుగురి వరకు ప్రాణం పోవచ్చని అప్పటికే చదివి ఉన్న నేను బదులు చెప్పలేకపోయాను. పది వారాల గడువులో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. నా కామెర్లు తగ్గుతున్నాయో లేదో చూసుకోవడం మాని, ప్రతి ఉదయం ఆమె కళ్లే చూసేవాణ్ణి.

నాలుగు వారాలూ గడిచాయి. ఆమె రక్తపరీక్షల్లో ఏ తేడా రాలేదు. నా బిలిరుబిన్ మామూలు స్థాయికి రావడానికి మొత్తం ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు కుళాయి దగ్గర, నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో చూసే కిట్టు పెట్టుకున్నాను. క్లోరిన్ ఉంటే, కిట్టులోని మాత్ర వేశాక ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరగాలి. సరఫరా ఆగి మళ్లీ వచ్చిన రోజుల్లో అవి తెల్లగానే ఉండిపోతుంటాయి, ఆ పూట కాచుకుంటాం.