ఆ మార్పు నాది, జబ్బు నాది కాదు

మావాడికి తొమ్మిదేళ్లు. స్కూల్లో పరుగెడుతూ కళ్లు తిరిగి పడిపోతే ఎకో, అంటే గుండె స్కాన్, తీయించాం. గుండె కండరం మందంగా ఉంది, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అన్నారు. వంశపారంపర్యం కావచ్చని జీన్ పరీక్షకు రక్తం తీశారు.

రిపోర్టులో ఎంవైహెచ్7 అనే జీన్‌లో, డీఎన్‌ఏ అక్షరాల్లో ఒక్కటి మారింది. పక్కనే ‘ప్రాముఖ్యత తేలనిది’ అని ఉంది, అంటే అది జబ్బు తెస్తుందో లేదో ఇంకా తెలియదని. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మా ఇద్దరికీ పరీక్ష చేస్తే ఆ మార్పు నాలో ఉంది, మా ఆయనలో లేదు. "అయితే మీ వైపు నుంచే వచ్చిందన్నమాట" అంది మా ఆడపడుచు ఫోన్లో. ఆ రాత్రి పిల్లాడి ఛాతీ మీద చెయ్యి వేసుకుని తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను.

వంశపారంపర్య జబ్బుల గురించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ మేడమ్ మొదట రిపోర్టు తెరవలేదు. తెల్లకాగితం తీసుకుని మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా గీస్తూ మూడు తరాల వాళ్ల గురించి అడిగారు. మరిది దగ్గరికొచ్చేసరికి మా ఆయన గొంతు ఆగింది. 27 ఏళ్లకే నిద్రలో పోయాడు, గుండెపోటు అనుకున్నాం. మేడమ్ ఆ చతురస్రం మీద అడ్డగీత గీసి, "మీ ఇద్దరికీ ఎకో తీయిద్దాం" అన్నారు.

నాది మామూలుగానే ఉంది. ఆయన గుండె గోడ మందం 17 మిల్లీమీటర్లు. బీపీ లాంటి వేరే కారణం లేకుండా పెద్దవాళ్లకి 15 ఉంటే ఈ జబ్బే అంటారు, ఇంట్లో ఇంకొకరికి ఉంటే 13 చాలు. ఆయనకి బీపీ లేదు.

నా ఎకో బాగుండటం ఒక్కటే అయితే ఏమీ తేలేది కాదట. మార్పు ఉన్నా జబ్బు ఆలస్యంగా బయటపడేవాళ్లు, అసలు పడనివాళ్లు ఉంటారు. కానీ జబ్బున్న తండ్రిలో ఆ మార్పు లేకపోవడం, జబ్బుకి అది కారణం కాదనడానికి గట్టి సాక్ష్యం. మావాడి జబ్బు తండ్రి నుంచి వచ్చి ఉంటే, దానికి కారణం ఇంకా దొరకని వేరే మార్పు. చాలా కుటుంబాల్లో అలా దొరకదట కూడా.

మా బంధువొకాయన వాట్సాప్‌లో ఇంకో వార్త పంపారు, ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 అక్షరాలు ఊడిపోవడం గురించి. దానికీ గుండె జబ్బుకీ సంబంధం ఉందని 2009లో మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లున్న బృందమే చెప్పింది. మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంటుంది. ఈ జబ్బేమో సుమారు 500 మందిలో ఒకరికి. అంతమందిలో ఉన్న మార్పు ఒక్కటే జబ్బు తెచ్చేస్తే లెక్క ఎలా కుదురుతుంది? తర్వాతి పరిశోధనలు కూడా, ఆ ముప్పులో చాలాభాగం దానితోపాటే కొందరిలో వచ్చే ఇంకో అరుదైన మార్పుదని చూపించాయి.

మా చిన్నదానికి ఆరేళ్లు. నా మార్పు కోసం దానికి రక్తపరీక్ష వద్దన్నారు. లేదని తేలినా నిశ్చింతగా ఉండటానికి లేదు కదా! ఏడాదికో రెండేళ్లకో ఎకో తీయించడమే దారి.

అన్నకి ఉంది, తమ్ముడు అలా పోయాడు, కాబట్టి మా ఆడపడుచుకీ ఎకో కావాలి. ఆ ఫోన్ నేనే చేశాను. "వదినా, భయపడకండి, నేనూ వస్తాను" అన్నాను. బుధవారం ఆమెని, ఆమె పిల్లలిద్దరినీ తీసుకెళ్తున్నాను.